పిల్లి కంట్లో నీరు కారుతుంటే: ఇంట్లో ఏం చేయాలి, ఎక్కడ ఆగాలి

"మా పిల్లికి ఒక కన్ను ఎర్రబడి నీరు కారుతోంది, ఏ చుక్కలు వేయాలి?" పిల్లిని పెంచేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. చుక్కల పేరు ఒకటి తెలిస్తే పని అయిపోతుందని ఆశ. కానీ కన్ను చూడకుండా మందు పేరు చెప్పడం ప్రమాదం. నీరు కారడానికి కారణం దుమ్ము కావచ్చు, వైరస్ కావచ్చు, నల్లగుడ్డు మీద పడిన గీత కావచ్చు. పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి. దుమ్ముకైతే మందే అక్కర్లేదు. మిగతా రెండింటికీ తప్పు మందు పడితే చూపే పోవచ్చు.

అందుకని ముందే ఒక హద్దు పెట్టుకోండి. రెప్ప బయట శుభ్రం చేయడం మీ పని. రెప్ప లోపల ఏ మందు పడాలో వెటర్నరీ డాక్టర్ కన్ను పరీక్షించి చెప్పాలి. కింద రాసినదంతా ఈ హద్దుకు లోబడే ఉంది.

ఇవి కనిపిస్తే ఇంట్లో ఆగొద్దు

శుభ్రం చేసే ముందు ఈ జాబితా చూడండి. ఇందులో ఒక్కటి ఉన్నా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రాత్రయితే అత్యవసర క్లినిక్‌కి ఫోన్ చేయండి.

- కన్ను అసలు తెరవకపోవడం, సగం మూసుకునే ఉండటం, వెలుతురులోకి వస్తే రెప్పలు బిగించడం. పిల్లులు నొప్పిని దాచుకుంటాయి. కూతలు పెట్టవు, తిండి కూడా మామూలుగానే తింటాయి. కంటి నొప్పి తెలిసేది ఎక్కువగా ఈ మూతలోనే.
- నల్లగుడ్డు మీదుండే పారదర్శక పొర, అంటే కార్నియా, మసకబారడం. నీలంగానో తెల్లగానో మారడం, దానిమీద గుంట, గీత, గోధుమరంగు లేదా నల్లని మచ్చ కనిపించడం.
- రెండు కంటిపాపలు వేర్వేరు సైజుల్లో ఉండటం.
- కంట్లో రక్తం, కనుగుడ్డు ముందుకు పొడుచుకురావడం, లేదా ఒక కన్ను రెండోదానికంటే పెద్దగా కనిపించడం.
- ఏదైనా గుచ్చుకుని ఉండటం. దాన్ని లాగొద్దు, కడగొద్దు. పిల్లి పంజాతో గీరుకోకుండా కోన్ కాలర్ (మెడ చుట్టూ వేసే గరాటులాంటి అడ్డు) వేసి తీసుకెళ్లండి.
- నడుస్తూ వస్తువులకు తగులుకోవడం, ఎక్కే చోట అంచనా తప్పడం.
- ఇంకా కళ్లు తెరవని కూనకు మూసి ఉన్న రెప్ప వెనక ఉబ్బు. కూనలు సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య కళ్లు తెరుస్తాయి. అంతకుముందే రెప్ప ఉబ్బిందంటే లోపల చీము చేరి ఉండొచ్చు. అది బయటికి రాకపోతే కార్నియా దెబ్బతింటుంది.
- తుమ్ములతో పాటు 24 గంటలుగా ఏమీ తినకపోవడం.

కంట్లో సబ్బు, ఫినాయిల్, బ్లీచ్, రంగులాంటిది పడితే వరుస మారుతుంది. ముందు కడగాలి, తర్వాత బయల్దేరాలి. సెలైన్ (మెడికల్ షాపులో దొరికే క్రిములు లేని ఉప్పునీళ్లు) చేతికందకపోతే గోరువెచ్చని శుభ్రమైన నీళ్లయినా చాలు. ఆపకుండా 15 నుంచి 20 నిమిషాలు సన్నని ధారగా పోయండి. సెలైన్ కోసం వెతుకుతూ 10 నిమిషాలు పోగొట్టుకోవడం కంటే నీళ్లతో వెంటనే మొదలుపెట్టడం మేలు.

"రాత్రయింది, పొద్దున చూద్దాం" అని ఆగేవాళ్లకు ఒక మాట. కార్నియా మీద పుండుకు బ్యాక్టీరియా తోడైతే పొర కరిగిపోవడం మొదలవుతుంది. చిన్న గీత ఒక్క రోజులో కన్ను చిల్లుపడేదాకా వెళ్లవచ్చు. ఈ జాబితా ముందు పెట్టింది అందుకే.

పైవేవీ లేకుండా కన్ను పూర్తిగా తెరిచి ఉండి, పలచని నీరు మాత్రమే కారుతూ, పిల్లి హుషారుగా ఉంటే ఒక రోజు ఇంట్లో చూసుకోవచ్చు.

ఏమేం సిద్ధం చేసుకోవాలి

- మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం స్టెరైల్ (క్రిములు లేని) నార్మల్ సెలైన్. చిన్న సీసాలు తీసుకోండి, తెరిచినదాన్ని ఎక్కువ రోజులు దాచే పని ఉండదు. కాంటాక్ట్ లెన్స్ కడిగే ద్రావణం సెలైన్ కాదు. అందులో క్రిమినాశకాలు ఉంటాయి.
- స్టెరైల్ గాజుగుడ్డ ముక్కలు, కనీసం ఎనిమిది. దూది వద్దు. తడిసిన దూది పోగులు కంట్లో ఉండిపోతాయి, వాటివల్లే మళ్లీ నీరు కారుతుంది.
- మందపాటి తువ్వాలు ఒకటి.
- సూది లేని 10 మి.లీ. సిరంజి.
- కోన్ కాలర్. దాని అంచు పిల్లి ముక్కు కొనకంటే 2, 3 సెం.మీ. ముందుకు రావాలి. పొట్టిగా ఉంటే పంజా కంటికి అందుతుంది.
- పిల్లికి బాగా ఇష్టమైన తిండి కొంచెం.
- ఫోన్ కెమెరా.

సెలైన్ దొరకకపోతే రెప్ప బయట తుడవడానికి ఇంట్లో చేసుకోవచ్చు. 1 లీటరు నీళ్లు బాగా మరిగించి, 9 గ్రాముల ఉప్పు తూచి వేసి, మూతపెట్టి చల్లార్చండి. కంటి అంచనాతో చిటికెడు వేయడం పనికిరాదు. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా కంటికి మంటే. 24 గంటలు దాటితే పారబోయండి. ఇది స్టెరైల్ కాదు కాబట్టి కంటి లోపల కడగడానికి మాత్రం కొన్న సెలైనే వాడండి.

ఇంట్లో చేసే పని, వరుసగా

1. ముట్టుకోకుండా చూడండి. పగటి వెలుతురు పడే కిటికీ దగ్గర పిల్లి ఎదురుగా రెండు నిమిషాలు కూర్చోండి. నీరు ఒక కంట్లోనా, రెండిట్లోనా? నీరు పలచగా ఉందా, పసుపు, ఆకుపచ్చ పుసి కడుతోందా? ముక్కు వైపు కనుకొలుకులోంచి తెల్లటి పొర పైకి వచ్చిందా? అది మూడో రెప్ప, కన్ను నొప్పిగా ఉంటే బయటికి వస్తుంది. తుమ్ముతోందా, ముక్కు కారుతోందా? గది కాస్త చీకటి చేసి, మళ్లీ వెలుతురు పెట్టి, రెండు కంటిపాపలూ సమానంగా మారుతున్నాయో లేదో చూడండి.

ఫ్లాష్ లేకుండా రెండు కళ్లూ కనిపించేలా ఒక ఫొటో తీయండి. రేపు పోల్చడానికి ఇదే ఆధారం. శుభ్రం చేశాక తీస్తే పుసి రంగు, పరిమాణం ఫొటోలో ఉండవు. డాక్టర్‌కి కావలసింది అదే.

పొద్దున లేవగానే కనుకొలుకులో చిన్న గోధుమరంగు పొక్కు ఉండటం చాలా పిల్లులకు మామూలే. కన్నీటిలో ఉండే పోర్ఫిరిన్ అనే పదార్థం గాలి తగిలి ఎర్రటి గోధుమరంగుకు మారుతుంది. రక్తం అనుకుని కంగారుపడొద్దు. రోజంతా తడి ఉండటం, పుసి రంగు మారడం మాత్రం మామూలు కాదు.

2. కంటిని మండించేవి తీసేయండి. పొగ, పెర్‌ఫ్యూమ్, గది స్ప్రేలు, ఘాటైన నేల ద్రావణాలు ఒక రోజు ఆపండి. దుమ్ము లేచే లిట్టర్ వాడుతుంటే వాసన కలపని, దుమ్ము తక్కువ రకానికి మార్చండి. లిట్టర్ పోసేటప్పుడు పిల్లి పక్కనే ఉంటోందా అని గమనించండి. కారణం అదే కావచ్చు. రెండు కళ్లూ పలచగా కారుతూ, పుసి లేకుండా, ఈ మార్పుతో ఒక రోజులో తగ్గిందంటే జవాబు దొరికినట్టే.

3. తువ్వాల్లో చుట్టండి. ఒంటరిగా చేసేవాళ్లకు ఇది తప్పనిసరి. తువ్వాలు బల్లమీద పరిచి మధ్యలో పిల్లిని మీకు వీపు చూపేలా కూర్చోబెట్టండి. ఒక అంచును మెడ కిందుగా తీసుకొచ్చి ముందుకాళ్లు రెండూ లోపల ఉండేలా గట్టిగా చుట్టి, రెండో అంచును పైనుంచి వేయండి. తల మాత్రమే బయట ఉండాలి. మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులుంటే సరి. పిల్లి నోరు తెరిచి రొప్పితే వెంటనే వదిలేసి అరగంట ఆగండి.

4. నానబెట్టి తుడవండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. సెలైన్ సీసాను వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి, మణికట్టు మీద పోసుకుంటే వేడీ చల్లనా తెలియనంత గోరువెచ్చగా చేయండి. గాజుగుడ్డను తడిపి, మూసిన రెప్ప మీద నొక్కకుండా 30 సెకన్లు ఆనించి ఉంచండి. పొక్కు గట్టిగా ఉంటే కొత్త ముక్కతో మళ్లీ అలాగే. పొక్కు దానంతట అదే జారే వరకు ఆగాలి. ఎండినదాన్ని గోరుతో గీకితే కింది చర్మం, వెంట్రుకలు ఊడి వస్తాయి. అక్కడ పుండు పడితే మరో సమస్య.

తర్వాత ముక్కు వైపు కొలుకు నుంచి బయటికి ఒకే ఒక్క సారి తుడవండి. ఆ ముక్క పారేయండి. మళ్లీ తుడవాలంటే కొత్త ముక్క. ఒక కంటికి వాడినది రెండో కంటికి వద్దు. బాగున్న కంటిని ముందు, బాగులేని కంటిని తర్వాత తుడవండి. ఈ వరుస చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ క్రిమి ఒక కంటి నుంచి రెండో కంటికి వెళ్లే దారి ఎక్కువగా మన చేయే.

చివరగా కంటి చుట్టూ ఉన్న బొచ్చును పొడి గాజుగుడ్డతో అద్దండి. తడి బొచ్చు గంటల తరబడి ఉంటే కింది చర్మం ఎర్రబడుతుంది. రోజుకు రెండు మూడుసార్లు చాలు. గంటకోసారి తుడిస్తే రెప్ప చర్మం ఒరుసుకుపోతుంది.

5. దుమ్మో వెంట్రుకో పడిందని అనుమానముంటే కడగండి. కన్ను తెరిచి ఉంటేనే ఈ పని. నొప్పితో మూసుకుంటే వదిలేయండి. తలను కాస్త పక్కకు వంచి, సిరంజితో గోరువెచ్చని స్టెరైల్ సెలైన్ 5 నుంచి 10 మి.లీ. లోపలి కొలుకు నుంచి బయటి వైపు మెల్లగా పారనివ్వండి. సిరంజి కొన 2, 3 సెం.మీ. దూరంలో, పక్కనుంచి రావాలి. పిచికారీ కొట్టినట్టు నల్లగుడ్డు మీద నేరుగా కొట్టొద్దు. వెంట్రుక తేలి రెప్ప అంచుకు వస్తే తడి గాజుగుడ్డ కొసతో అద్ది తీయొచ్చు. నల్లగుడ్డుకు అంటుకున్నదాన్ని చిమటాతో గానీ వేలితో గానీ తీయొద్దు.

6. రుద్దుకోనివ్వకండి. పంజాతో ఒక్కసారి రుద్దుకున్నా కార్నియా మీద గీత పడొచ్చు. అప్పటిదాకా మామూలు దురద ఉన్న కన్ను అక్కడినుంచి పుండు ఉన్న కన్ను అవుతుంది. కాలర్ వేయండి. మొదట వెనక్కి నడుస్తుంది, గోడకు తగిలి నిలబడిపోతుంది. చాలా పిల్లులు కొన్ని గంటల్లో సర్దుకుంటాయి. "పాపం" అని రాత్రి తీసేయొద్దు, మనం చూడనప్పుడే రుద్దుకునేది. తిండి గిన్నెను వెడల్పు తక్కువది పెట్టి కాస్త ఎత్తులో ఉంచితే కాలర్‌తోనే తింటుంది.

7. ఇంట్లో వేరే పిల్లులుంటే విడిగా ఉంచండి. గిన్నె, లిట్టర్ పెట్టె, పడక అన్నీ వేరు. పిల్లుల్లో కంటి పొర వాపుకు ఎక్కువ సందర్భాల్లో మూలం అంటువ్యాధే: హెర్పిస్ వైరస్, కాలిసి వైరస్, క్లమైడియా, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాలు. హెర్పిస్ వైరస్ బయట ఒక రోజు కూడా నిలవదు. కాలిసి అలా కాదు, పొడి చోట వారాల తరబడి ఉంటుంది. గిన్నెలు, నేల సబ్బుతో కడిగాక, ఇంట్లో వాడే మామూలు బ్లీచ్ 1 వంతుకు 32 వంతుల నీళ్లు కలిపి తుడిచి, 10 నిమిషాలాగి మంచినీళ్లతో కడగండి. పూర్తిగా ఆరాకే పిల్లిని రానివ్వండి. పిల్లుల హెర్పిస్, కాలిసి మనుషులకు అంటవు. క్లమైడియా అరుదుగా అంటుతుంది, కాబట్టి చేతులు కడుక్కోకుండా మీ కళ్లు ముట్టుకోవద్దు.

8. గడువు పెట్టుకోండి. 12 గంటలకోసారి అదే వెలుతురులో ఫొటో తీయండి. 24 గంటల్లో స్పష్టంగా తగ్గాలి, 48 గంటలకు పూర్తిగా ఆగాలి. లేదంటే డాక్టర్. మధ్యలో పసుపు, ఆకుపచ్చ పుసి వచ్చినా, కన్ను ముడుచుకున్నా గడువుతో పని లేదు, వెంటనే వెళ్లండి.

ఏవి వేయకూడదు, ఎందుకు

ఈ భాగం పూర్తిగా చదవండి. పిల్లుల కళ్లు పాడయ్యేది ఆలస్యం వల్ల ఎంతో, ఇంట్లో ఉన్న సీసాల వల్ల కూడా అంతే.

*స్టెరాయిడ్ ఉన్న చుక్కలు.* మనుషులకు ఎర్రకళ్లకు రాసిచ్చే చాలా చుక్కల్లో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ లాంటివి కలిసి ఉంటాయి. వేయగానే ఎరుపు తగ్గుతుంది, బాగవుతోందనిపిస్తుంది. కానీ కార్నియా మీద పుండు ఉంటే స్టెరాయిడ్ దాన్ని మాననివ్వదు, లోతు పెంచుతుంది. హెర్పిస్ ఉంటే వైరస్‌ను రెచ్చగొడుతుంది. పోయినసారి డాక్టర్ ఇచ్చిన సీసా అయినా సరే, ఈసారి పరీక్ష లేకుండా వేయొద్దు. పోయినసారి పుండు లేదేమో, ఈసారి ఉందేమో.

*ఎర్రదనం తగ్గించే చుక్కలు.* టెట్రాహైడ్రోజొలిన్, నాఫజొలిన్ ఉన్నవి పిల్లులకు విషం. గుండె లయ, రక్తపోటు తప్పుతాయి.

*మనుషుల హెర్పిస్ మాత్రలు.* "వైరసే కదా" అని అసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ మాత్రలు ఇవ్వొద్దు. పిల్లుల మూలుగను, మూత్రపిండాలను, కాలేయాన్ని దెబ్బతీస్తాయి. పిల్లులకు డాక్టర్లు వాడే మాత్ర ఫామ్‌సైక్లోవిర్, అదీ బరువును బట్టి.

*నొప్పి మాత్రలు.* పారాసిటమాల్ ఒక్క మాత్రతోనే పిల్లి చనిపోవచ్చు. ఐబుప్రొఫెన్ కూడా వద్దు.

*నియోమైసిన్, పాలిమిక్సిన్ బి ఉన్న కంటి మందులు.* అరుదే గానీ, వీటి తర్వాత పిల్లులకు తీవ్రమైన అలర్జీ వచ్చి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు నమోదయ్యాయి. డాక్టర్ రాస్తే వేయండి, మొదటిసారి వేశాక కొన్ని గంటలు కనిపెట్టి ఉండండి. మీ అంతట మీరు మాత్రం కొనొద్దు.

*పాలు, తేనె, టీ డికాక్షన్, ఆముదం, బోరిక్ పొడి, ఏ రకం సుగంధ తైలం అయినా.* ఇవేవీ స్టెరైల్ కావు. పుండు ఉన్న కంట్లో పాలు పోయడమంటే బ్యాక్టీరియాకు మేత వేయడమే. టీ ట్రీ తైలం చర్మం మీద రాసినా పిల్లికి విషమే.

మరి ఏదైనా వేయొచ్చా? ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీటి చుక్కలు, కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ లేదా హైలూరొనేట్ ఉన్నవి, సాధారణంగా హాని చేయవు. క్లినిక్‌కి ఫోన్ చేసి అడిగి, వెళ్లేలోపు ఊరటకు వాడొచ్చు. అవి వైద్యం కాదు.

క్లినిక్‌లో ఏం జరుగుతుంది

ముఖ్యమైనది ఫ్లోరెసిన్ పరీక్ష. నారింజరంగు మందు చుక్క వేసి, కడిగి, నీలి వెలుతురులో చూస్తారు. కార్నియా పైపొర లేచిన చోట ఆకుపచ్చగా మెరుస్తుంది. నిమిషాల పని, నొప్పి ఉండదు. స్టెరాయిడ్ వేయొచ్చా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది. డాక్టర్ ఈ పరీక్ష చేయకుండా స్టెరాయిడ్ చుక్కలు రాస్తే "పుండు ఉందో లేదో రంగు వేసి చూశారా?" అని అడగడంలో తప్పులేదు.

ఇంటికొచ్చాక పిల్లి ముక్కులోంచి ఆకుపచ్చ నీరు కారితే భయపడొద్దు. వేసిన రంగే కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగింది. నాళం మూసుకుపోలేదని దానివల్ల తెలుస్తుంది కూడా.

అవసరాన్ని బట్టి కన్నీరు ఎంత ఊరుతోందో, కంటి లోపలి ఒత్తిడి ఎంతో కొలుస్తారు. తుమ్ములు, ఇంట్లో మిగతా పిల్లుల పరిస్థితి, టీకాల తేదీలు, మీరు ఇప్పటికే ఏమైనా వేసి ఉంటే ఆ సీసా, ఇవన్నీ దగ్గర పెట్టుకుని వెళ్లండి.

రాసిచ్చిన చుక్కలు వేయడం

మంచి మందు రాసినా తగ్గకపోవడానికి పెద్ద కారణం అది కంట్లో పడకపోవడమే. పిల్లి తల విదిల్చితే చుక్క బొచ్చు మీద పడుతుంది, మనం వేశామనుకుంటాం.

1. చేతులు కడగండి. ఫ్రిజ్‌లో పెట్టిన సీసా అయితే రెండు మూడు నిమిషాలు గుప్పిట్లో పట్టుకోండి. చల్లటి చుక్క పడితే రెండోసారి పిల్లి మీకు దొరకదు. సీసా మీద కదిలించమని ఉంటే కదిలించండి.
2. ముందు పుసి తుడవండి. పుసి మీద వేసిన మందు కంటికి తగలదు.
3. పిల్లిని బల్లమీద, దాని వెనకభాగం మీ పొట్టకు ఆనేలా కూర్చోబెట్టండి. ఎదురుగా వెళ్తే వెనక్కి జారిపోతుంది. ఇలా కూర్చోబెడితే వెనక్కి జారే చోటే లేదు.
4. ఎడమచేత్తో గడ్డం కింద పట్టి ముక్కు పైకప్పు వైపు చూసేలా ఎత్తండి.
5. సీసా పట్టుకున్న కుడిచేతి అంచును పిల్లి తల మీద ఆనించి, దానితోనే పైరెప్పను కాస్త పైకి లాగండి. పిల్లి తల కదిలితే చేయీ దానితోపాటే కదులుతుంది, సీసా కొన కంటికి గుచ్చుకోదు.
6. సీసా 1, 2 సెం.మీ. ఎత్తులో, వెనకనుంచి కంటిమీదికి రానివ్వండి. ఒక్క చుక్క. రెండు వేస్తే రెండోది బయటికే పోతుంది.
7. సీసా కొన కంటికి, బొచ్చుకు తగలకూడదు. తగిలితే మందంతా కలుషితమైనట్టే.
8. తల అలాగే కొన్ని సెకన్లు పట్టుకుని, రెప్ప కొట్టనిచ్చి వదిలేయండి. వెంటనే ఇష్టమైన తిండి పెట్టండి. ప్రతిసారీ పెట్టండి. వారం రోజుల వైద్యం సాగాలంటే ఇది ముఖ్యం.

రెండు రకాల చుక్కలుంటే మధ్యలో 5 నిమిషాలు ఆగండి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఆయింట్‌మెంట్ ఎప్పుడూ చివర, చుక్కలు వేసిన 10 నిమిషాలకు. కిందిరెప్పను కొంచెం లాగి, లోపల ఏర్పడిన సందులో బియ్యపు గింజంత మందు పడేలా పిండండి. రెప్పలు మెల్లగా మూయండి. కాసేపు కన్ను జిడ్డుగా, మసకగా ఉంటుంది, అది మామూలే.

కొన్ని చుక్కలు, ముఖ్యంగా అట్రోపిన్, వేశాక పిల్లి నోట నురగలు కక్కుతుంది. చేదు మందు కన్నీటి నాళం గుండా గొంతులోకి దిగినందుకే అలా. కొన్ని నిమిషాల్లో ఆగుతుంది. మరీ ఇబ్బంది పడితే ఆయింట్‌మెంట్ రూపంలో ఇవ్వమని డాక్టర్‌ని అడగండి.

క్లమైడియాకు డాక్సీసైక్లిన్ మాత్రలు రాస్తే, మాత్ర మింగించిన వెంటనే సిరంజితో 5, 6 మి.లీ. నీళ్లు నోటి పక్కనుంచి మెల్లగా పట్టించండి, లేదా తడి తిండి తినిపించండి. పొడిగా మింగించిన మాత్ర పిల్లి ఆహారనాళంలో ఇరుక్కుని గోడను కాల్చేస్తుంది. తర్వాత నాళం సన్నబడి తిండే దిగని స్థితి వస్తుంది. ఈ వైద్యం సుమారు 4 వారాలు సాగుతుంది, ఇంట్లోని పిల్లులన్నిటికీ కలిపి చేయాల్సి వస్తుంది.

ఎక్కడ తప్పుతుంది

మూడో రోజుకు కన్ను బాగైనట్టు కనిపించి మందు ఆపేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగేది. వారంలో మళ్లీ మొదలవుతుంది, అప్పటికి మందుకు లొంగని బ్యాక్టీరియా మిగిలి ఉండొచ్చు. రాసినన్ని రోజులూ వేయండి.

రోజుకు నాలుగుసార్లు వేయమంటే పొద్దున రెండు, రాత్రి రెండు వేసి సరిపెట్టడం ఇంకొకటి. కంటి చుక్కలు లోపల కొద్దిసేపే నిలుస్తాయి. ఆరేసి గంటల ఎడం కోసమే అన్నిసార్లు వేయమనేది. అన్నిసార్లు వేయడం మీకు కుదరకపోతే ముందే చెప్పండి, తక్కువసార్లు వేసే మందు ఉండొచ్చు.

పాత సీసా వాడటం కూడా ఎక్కువే. తెరిచిన కంటి చుక్కలను సాధారణంగా 4 వారాల తర్వాత పారేయాలి. తెరిచిన తేదీ సీసా మీదే రాసుకోండి.

కన్ను తెరిచి చూడాలని రెప్పలను వేళ్లతో బలవంతంగా విడదీయడం మానండి. లోతైన పుండు ఉంటే ఆ ఒత్తిడికే కన్ను చిట్లవచ్చు.

తగ్గుతోందని ఎలా తెలుసుకోవాలి

ఎరుపును కొలతగా తీసుకోవద్దు, అది అన్నిటికంటే చివర తగ్గుతుంది. కన్ను ఎంత తెరుచుకుందో చూడండి. మొదటి ఫొటో, ఇప్పటి ఫొటో పక్కపక్కన పెట్టి రెండు కళ్ల మధ్య తేడా తగ్గిందా అని చూస్తే నొప్పి తగ్గిందో లేదో తెలుస్తుంది. తర్వాత పుసి: పసుపు నుంచి పలచని నీరుగా, ఆపైన పొద్దుటి చిన్న పొక్కుగా మారాలి. మూడో రెప్ప లోపలికి వెళ్లాలి. రోజుకు ఎన్నిసార్లు తుడవాల్సి వస్తోందో రాసుకుంటే అదీ మంచి కొలతే.

సాధారణమైన పైపై పుండు 5 నుంచి 7 రోజుల్లో మానుతుంది. మానిందని చెప్పగలిగేది మళ్లీ రంగు వేసి చూస్తేనే, పైకి కన్ను బాగానే కనిపించినా సరే. అందుకే రెండోసారి రమ్మన్న రోజున వెళ్లడం తప్పించొద్దు. వారం దాటినా మానని పుండు వెనక అడ్డుపడుతున్న కారణం ఉంటుంది: లోపలికి ముడుచుకున్న రెప్ప, మూడో రెప్ప వెనక దాగిన గడ్డిపరక, హెర్పిస్. దాన్ని వెతకాలి గానీ మందులు మారుస్తూ పోకూడదు.

ముక్కు దిబ్బడ ఉన్న పిల్లికి వాసన తెలియక తిండి మానేస్తుంది. తడి తిండిని గోరువెచ్చగా చేసి పెట్టండి. పిల్లులు రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకునే జబ్బు మొదలవుతుంది. కంటి వైద్యం మధ్యలో ఈ సంగతి మరవొద్దు.

మళ్లీ మళ్లీ వస్తుంటే

కూనగా ఉన్నప్పుడు జలుబు, కళ్ల పుసి వచ్చి తగ్గిన పిల్లికి పెద్దయ్యాక అదే కన్ను కారుతుంటే హెర్పిస్‌ను అనుమానించండి. ఈ వైరస్ సోకిన పిల్లుల్లో ఎక్కువవాటికి జీవితాంతం నరాల్లో నిద్రాణంగా ఉంటుంది. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, ఆపరేషన్ లాంటి ఒత్తిడి తర్వాత దాదాపు ఒక వారానికి పైకి వస్తుంది. తేదీలు రాసుకుంటే ఏ ఒత్తిడి తర్వాత వస్తోందో మీకే కనిపిస్తుంది. దాక్కునే చోట్లు, ఒక్కో పిల్లికి ఒక లిట్టర్ పెట్టె, పైన ఇంకొకటి అదనం, తిండి వేళలు మార్చకపోవడం, ఇవి మందుతో పాటు సాయపడతాయి. లైసిన్ పొడి చాలామంది వాడతారు గానీ, పరిశోధనలు దాని ఉపయోగాన్ని నిలబెట్టలేదు.

పర్షియన్, హిమాలయన్, ఎక్సోటిక్ లాంటి చదును ముఖం పిల్లులకు కన్నీటి నాళం వంకరతిరిగి ఉంటుంది, నీరు ముక్కులోకి దిగక చెంపమీదికి కారుతుంది. వీటికి జబ్బు లేకపోయినా రోజుకోసారి తుడిచి ముఖపు ముడతలు ఆరబెట్టడం తప్పదు. పైగా వీటి కార్నియా మీద గోధుమరంగు మచ్చ పుట్టి నల్లబడే సీక్వెస్ట్రమ్ అనే జబ్బు ఎక్కువ. తుడిచే ప్రతిసారీ నల్లగుడ్డును పక్కనుంచి వెలుతురులో ఒకసారి చూడండి.

టీకా వేయిస్తే హెర్పిస్, కాలిసి అసలు సోకవని కాదు, సోకినా తీవ్రత తగ్గుతుంది. కూనలకు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3, 4 వారాలకోసారి చొప్పున 16 వారాల వయసు దాకా వేయించాలి, ఆ తర్వాత బూస్టర్. కళ్లు కారుతూ జ్వరంగా ఉన్న రోజున వేయించాలా వద్దా అన్నది డాక్టర్‌కే వదిలేయండి. వాయిదా పడితే మాత్రం కొత్త తేదీ అక్కడే రాయించుకుని రండి.